అమ్మమ్మ చదవగలిగే కామిక్స్

(మోరిస్‌విల్ తెలుగు శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగానికి అక్షరరూపం ఇది. మాట్లాడిన తీరుని సాధ్యమైనంతవరకు అలాగే ఉంచాం.)



ఈ వారం బొమ్మల కథల గురించి మాట్లాడమన్నారు. నేను బొమ్మలు వేస్తాను. వృత్తి అది కాదు లెండి. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో మనలో చాలామందిలాగే కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. శనివారం పొద్దున మాత్రం ముగ్గురం మా వంటింటి బల్ల దగ్గర చేరతాం. ఒకాయనది వరంగల్, కథ రాస్తారు. ఒకావిడది నెల్లూరు, రంగులు వేస్తారు. నాది తెనాలి. తెలుగు నేర్చుకునే పిల్లల కోసం చిన్న చిన్న బొమ్మల పుస్తకాలు తయారు చేస్తుంటాం. అమ్మకానికి కాదు, ఇంట్లో ప్రింటర్ మీద తీసి పంచుకోవడానికి.

మా పని గురించి తెలిసినవాళ్ళు పొట్లక్కుల్లో ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "మా వాడు ఎప్పుడు చూసినా కామిక్స్ పట్టుకునే కూర్చుంటాడండీ, అది చదవడం కిందకి వస్తుందా?" అని. ఇంకొంచెం తెలిసినవాళ్ళు "కామిక్స్‌కే గ్రాఫిక్ నవల అని పెద్ద పేరు పెట్టారు కదా" అని నవ్వుతారు. పేరు సంగతి త్వరగా తేల్చేస్తాను. 1978లో విల్ ఐస్నర్ అనే న్యూయార్క్ చిత్రకారుడు బ్రాంక్స్ ఇరుకిళ్ళలోని మనుషుల కథలు బొమ్మల్లో చెప్పి, దానికి గ్రాఫిక్ నవల అని పేరు పెట్టుకున్నాక ఆ మాట వాడుకలోకి వచ్చింది. 1992లో ఆర్ట్ స్పీగల్మన్ 'మౌస్'కి పులిట్జర్ ప్రత్యేక బహుమతి ఇచ్చారు. 2020లో జెర్రీ క్రాఫ్ట్ 'న్యూ కిడ్'కి పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం వచ్చింది. గ్రాఫిక్ నవలకి ఆ పతకం రావడం అదే మొదలు. కాబట్టి అది చదవడమేనా అన్న ప్రశ్న ఈ దేశంలో ఎప్పుడో తీరిపోయింది. మీవాడు 'డాగ్ మ్యాన్' చదువుతున్నాడంటే చదువుతున్నట్టే. బెంగ పెట్టుకోకండి.

నా బెంగ ఇంకొకటి. ఆ పుస్తకాన్ని ఇంట్లో ఎంతమంది కలిసి చదువుతున్నారు?

దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1947 జూలైలో మద్రాసు నుంచి 'చందమామ' మొదలైంది. బి. నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు పెట్టారు. మీ ఇంట్లో పాత సంచిక ఉంటే, లేకపోతే మీ జ్ఞాపకంలో ఉన్నదైనా సరే, ఒక పేజీ తెరిచి చూడండి. పేజీలో ఒక బొమ్మ ఉంటుంది. దాని పక్కనో కిందో కథ ఉంటుంది. బొమ్మలో ఒక్క అక్షరం కూడా ఉండదు. కామిక్స్‌లోలాగా మాటల బుడగలు లేవు, గడులు లేవు. ఆ కథని చదివేది ఎవరు? అక్షరాలొచ్చిన పెద్దవాళ్ళు, లేదా అక్కో అన్నో. బొమ్మ చూసేది ఎవరు? ఇంకా అక్షరాలు రానివాడు. ఒకే పేజీ ఇద్దరికీ పని కల్పించేది. ఒకరు చదువుతుంటే ఒకరు చూస్తూ, "ఆగు ఆగు, ఈ వెనకాల నుంచున్నదెవరు?" అని అడ్డుపడుతూ ఉండేవారు. మా ఇంట్లో అలాగే జరిగేది, మీ ఇళ్ళలో వేరేగా జరిగి ఉంటుందని అనుకోను.

అక్షరాలు బొమ్మ బయట ఉండటం వల్ల ఇంకో లాభం ఉండేది. చందమామ పదికి పైగా భాషల్లో వచ్చింది. బొమ్మలు అవే, పక్కన భాష మాత్రం మారేది. విక్రమార్కుడి భుజం మీద శవాన్ని వేసిన శంకర్ గారు తమిళులు. ఆయన బొమ్మ కింద తెలుగు ఉంటే మనకి ఆయన తెలుగువారే. (2020లో పోయారు. మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. ఆ ప్రకటన ఒక్క ఏడాది ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేది!) వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలకీ అంతే, ఏ భాషవాళ్ళైనా చూడొచ్చు.

ఇక కథల సంగతి. బేతాళ కథలు సంస్కృతంలో ఇరవై అయిదే. చందమామలో అవి వందల్లోకి వెళ్ళాయి. ఎలాగంటే, ఆ ఇరవై అయిదూ అయిపోయాక ఎక్కడెక్కడి కథలో తెచ్చి అదే చట్రంలో బిగించారు. రాజు శవాన్ని భుజాన వేసుకుని బయల్దేరతాడు, బేతాళుడు కథ చెప్తాడు, చివర్లో చిక్కు ప్రశ్న వేస్తాడు. ఆ చిక్కు ప్రశ్న దగ్గర ఇంట్లో చదివేవాళ్ళు పుస్తకం దించి "నువ్వు చెప్పు" అని పిల్లల్ని అడిగేవారు. అడగమని పత్రికలో ఎక్కడా రాయలేదు. ఆ చట్రమే వాళ్ళచేత అడిగించేది. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రిక సంపాదకత్వం చూశారు. ఆయన వాక్యం పైకి చదివితే నాలుక ఎక్కడా తడబడదు. పైకి చదవడం కోసం రాసిన తెలుగు ఎలా ఉంటుందో తెలియాలంటే ఇప్పటికీ నేను ఆ సంచికలే తీస్తాను. అన్నట్టు చక్రపాణి గారు, కుటుంబరావు గారు ఇద్దరూ తెనాలివారే. ఆ గొప్ప చెప్పుకోకుండా మా అమ్మ ఊరుకోదు.

ఇంకో సంగతి గమనించారో లేదో. ఇదే నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు విజయా సంస్థ పెట్టి 1951లో 'పాతాళ భైరవి', 1957లో 'మాయాబజార్' తీశారు. మనం ఇప్పుడు కుటుంబ వినోదం అని ఏదంటున్నామో దాని కొలతలు తెలుగులో చాలావరకు వాళ్ళవే. శశిరేఖా పరిణయం వ్యాసుడి భారతంలో లేదు. లేని కథని భారతంలో మనుషులకి తొడిగారు. నాలుగేళ్ళవాడు లడ్డూలు గాల్లో ఎగురుతుంటే చూస్తాడు. పదేళ్ళవాడికి ఘటోత్కచుడి మాయలు. పెళ్ళీడు పిల్లలకి వెన్నెట్లో పడవ. తాతగారికి పింగళి వారి మాటలు. ఒకే సినిమా ముందు నాలుగు వయసులవాళ్ళు నాలుగు కారణాలకి కూర్చుంటారు. కుటుంబ వినోదం అంటే ఎవరికీ ఏ ఇబ్బందీ కలగని చప్పిడి సరుకు అని ఇప్పుడొక అభిప్రాయం ఉంది. నేను ఒప్పుకోను. చందమామ పిల్లలకి ప్రతి నెలా చూపించింది శ్మశానాన్ని, చెట్టుకి వేలాడే శవాన్ని! పిల్లలు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవారు.

సరే, ఇప్పుడు అమర్ చిత్ర కథ. 1967లో అనంత్ పాయ్ గారు మొదలుపెట్టారు. ఢిల్లీలో ఒక టీవీ క్విజ్‌లో పిల్లలకి గ్రీకు దేవతల సంగతులు తెలుసుగానీ, రాముడి తల్లి పేరు చెప్పలేకపోయారని, అది చూసి ఈ పని తలపెట్టాననీ ఆయన చెప్పేవారు. రామ్ వాయిర్‌కర్ గారు బొమ్మలు వేసిన 'కృష్ణ' పుస్తకం వరసలో పదకొండోది, ఎందుకంటే మొదటి పదీ విదేశీ కథలు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఆ పుస్తకాల కట్ట సూట్‌కేసులో పెట్టుకురాని తెలుగు కుటుంబం ఈ ఊళ్ళో ఉందా? మన పిల్లలకి అర్జునుడెవరో, కర్ణుడెవరో తెలిసిందంటే సగం పుణ్యం ఆ పుస్తకాలదే. ఆ మేలు మరిచిపోకూడదు.

కానీ బొమ్మలు వేసేదాన్ని కాబట్టి ఒక మాట చెప్పాలి. అందులో మాట బుడగలోకి వెళ్ళింది. బుడగలో మాట ఉన్నాక ఆ పుస్తకం చదవడానికి రెండో మనిషి అక్కర్లేదు. పిల్లవాడు ఒక మూల కూర్చుని తనే చదివేసుకుంటాడు, అదీ ఇంగ్లీషులో. తెనాలి రాముడి పుస్తకమే తీసుకోండి. దొంగలచేత బావిలోంచి నీళ్ళు తోడించి తోట తడిపించుకున్న కథ బొమ్మల్లో భేషుగ్గా వస్తుంది. పాలు చూస్తే పారిపోయే పిల్లి కథ ఇంకా బాగా వస్తుంది. కానీ మన తెనాలి రామకృష్ణుడి చమత్కారంలో సగం మాటల్లో ఉంది, పద్యంలో ఉంది. మేకతోక పద్యాన్ని ఏ బొమ్మలో పెడతారు? ఇంగ్లీషు బుడగలోకి వచ్చేసరికి ఆయన తెలివైన విదూషకుడిగా మిగిలాడు, కవి తప్పిపోయాడు. ఇందులో అమర్ చిత్ర కథ తప్పేమీ లేదు. అనుసరణ అంటే ఏదో ఒకటి వదిలెయ్యడమే. ఏది వదిలామో ఇంట్లో చెప్పేవాళ్ళు ఉంటే చాలు.

తెలుగు బుడగలకి ఇంకో చిక్కుంది, అది పనిలో దిగితేగానీ తెలియదు. ఇంగ్లీషు కామిక్స్‌లో అన్నీ పెద్ద అక్షరాలు, ఒకే ఎత్తు. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. వరసకీ వరసకీ మధ్య జాగా కావాలి. ఇంగ్లీషుకి గీసిన బుడగలో తెలుగు పెడితే ఒకదాని ఒత్తు ఇంకోదాని గుడి మీద కూర్చుంటుంది. తెలుగు కోసమే ముందునుంచీ గీసినవాళ్ళ పేజీ చూడగానే తెలిసిపోతుంది.

అలా గీసినవాళ్ళు మనకి ఉన్నారు. బుజ్జాయి గారు, అంటే దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి గారు, కృష్ణశాస్త్రి గారబ్బాయి. తండ్రి ఆయన్ని బడికి పంపకుండానే పెంచారు. 'డుంబు' అనే అల్లరి పిల్లాణ్ణి సృష్టించారు. 1960ల్లో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రాన్ని బొమ్మల కథగా ఏళ్ళ తరబడి వేశారు. అమర్ చిత్ర కథ పుట్టకముందే ఒక తెలుగాయన ఆ పని మొదలుపెట్టి దేశానికంతకీ చూపించారన్న సంగతి మనవాళ్ళకే ఎక్కువమందికి తెలియదు. 2017లో పోయారు. బాపు గారి గురించి నేను చెప్పక్కర్లేదు. కానీ ఒకటి: బాపు, ముళ్ళపూడి వెంకటరమణ గార్లు చిన్నప్పుడు చేరిన పత్రిక 'బాల'. దాన్ని నడిపింది రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య, అంటే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. కాబట్టి తెలుగులో బొమ్మల కథకీ రేడియోకీ చుట్టరికం పాతదే. నేను ఇక్కడ మైకు ముందు కూర్చుని బొమ్మల గురించి చెప్పడం మరీ విడ్డూరమేం కాదు.

ఇప్పుడు మా బల్ల దగ్గరికి వస్తాను. కిందటి వేసవిలో మేం పంచతంత్రంలో కొంగ, పీత కథ తీసుకున్నాం. ముసలి కొంగ చెరువు ఎండిపోతుందని చేపల్ని భయపెడుతుంది. ఇంకో చెరువుకి మోసుకెళ్తానని ఒక్కొక్కదాన్నే తీసుకెళ్ళి బండ మీద తినేస్తుంది. చివరికి పీత వంతు వస్తుంది. పీత ఎముకలు చూసి, సంగతి గ్రహించి, కొంగ మెడ కత్తిరిస్తుంది. పన్నెండు పేజీలు అనుకున్నాం.

మొదటి శనివారమే గొడవ. నేను పీత అన్నాను. నెల్లూరావిడ ఎండ్రకాయ అన్నారు. వరంగల్ ఆయన కూడా ఎండ్రికాయే అన్నారు, కాకపోతే ఆయన పలికే తీరు వేరు. పుస్తకంలో ఏది రాయాలి? ఏది రాసినా రెండిళ్ళలో పిల్లలు "మా ఇంట్లో ఇలా అనరు" అంటారు. రెండో శనివారం ఇంకో గొడవ. తెలుగు అక్షరాలు రాని పిల్లల కోసం తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలా వద్దా అని. రాస్తే పిల్లలు చదువుతారు, అమ్మమ్మలు చదవలేరు. రాయకపోతే అమ్మమ్మలు చదువుతారు, పిల్లలు చదవలేరు. మూడో వారానికి వరంగల్ ఆయనే విసుగొచ్చి అన్నారు, "అసలు మాటలే తీసేద్దాం" అని.

తీసేశాం. పన్నెండు పేజీల్లో ఒక్క మాట లేదు.

అప్పుడే మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది, ఆర్నెల్ల కోసం. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటానికి వెతుక్కుంటుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ పగలంతా ఇద్దరి మధ్యా నడిచే మాటలు తిన్నావా, స్నానం చేశావా, చలేస్తోందా, అంతే. ఆర్నెల్లూ అలాగే గడిచిపోతాయేమోనని నాకు లోపల దిగులుగా ఉండేది. ఈ దిగులు నా ఒక్కదానిదే కాదని వినేవాళ్ళలో చాలామందికి తెలుసు. ఆ పుస్తకం ఇద్దరి చేతిలో పెట్టి నేను గిన్నెలు కడుక్కుంటున్నాను.

పన్నెండు పేజీలకి నలభై నిమిషాలు పట్టింది.

మా నెల్లూరావిడ పీతని కావాలనే ఇక్కడి నీలి పీతలా వేశారు, ఈ పిల్లలు చూసిన పీత అదే కాబట్టి. అమ్మ అక్కడ ఆగిపోయింది. "ఇదేం పీతమ్మా? ఇది ఉప్పునీళ్ళది. చెరువులోకి ఎలా వచ్చింది?" అంది. మా అమ్మాయి లేచి కూర్చుంది. "అమ్మమ్మా, ఇది బ్లూ క్రాబ్. మేం అవుటర్ బ్యాంక్స్‌లో చూశాం. నువ్వు లేవు అప్పుడు." ఇక అమ్మ పొలం గట్ల బొక్కల్లో పీతలు ఎలా ఉంటాయో, చిన్నప్పుడు వాళ్ళన్నయ్య చెయ్యి పెట్టి ఎలా కరిపించుకున్నాడో, ఆ వేలు చూపించి బడి ఎలా ఎగ్గొట్టాడో చెప్పుకొచ్చింది. ఆ మేనమామ సంగతి నాకే తెలియదు! కొంగ పుస్తకంలో ఆరో పేజీ దగ్గరే ఆగిపోయి ఉంది. ఎగరనివ్వరే!

కొంగ మెడ దగ్గర మాలో మాకు పెద్ద చర్చే జరిగింది. ఇక్కడి బళ్ళో ఇలాంటివి చూపిస్తారా, తల్లిదండ్రులు ఏమంటారు అని. స్కాట్ మెక్లౌడ్ అనే ఆయన 1993లో కామిక్స్ ఎలా పనిచేస్తాయో కామిక్స్ రూపంలోనే ఒక పుస్తకం రాశారు. రెండు గడుల మధ్య ఖాళీలో జరిగేది చదివేవాడే ఊహించుకుంటాడు, అక్కడ హత్య జరిగితే చేసినవాడు చదివినవాడే అంటారాయన. మేం అదే చేశాం. పదకొండో పేజీలో పీత కొంగ మెడ పట్టుకుంటుంది. పన్నెండో పేజీలో పీత ఒక్కతే ఇంటికి నడుస్తుంటుంది. మధ్యలో ఏమీ లేదు. మా అమ్మాయి "కొంగ ఏదీ?" అంది. అమ్మ వెంటనే "ఏమైందో నువ్వు చెప్పు" అంది. బేతాళుడి చిక్కు ప్రశ్న! మా అమ్మాయి చాలాసేపు ఆలోచించి సగం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపి చెప్పింది. ఆ సగం తెలుగులో నేను అంతకుముందు దాని నోట వినని మాటలు నాలుగున్నాయి. అవి అప్పుడే అమ్మ దగ్గర విన్న మాటలు.

మాటలు తీసేయడం మా కనిపెట్టుడేమీ కాదు. హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థ రాజీవ్ చిలక గారు 2008లో ఛోటా భీమ్‌ని టీవీకి తెచ్చారు. కన్సస్ సిటీలో ఎం.ఎస్. చదివి, కంప్యూటర్ ఉద్యోగం వదిలి, యానిమేషన్ వైపు వెళ్ళిన మనిషి ఆయన. మనవాళ్ళలో అలా వెళ్ళాలనుకుని వెళ్ళనివాళ్ళు ఎంతమందో! ఆ సంస్థే 2019లో నెట్‌ఫ్లిక్స్‌కి చేసిన 'మైటీ లిటిల్ భీమ్'లో మాటలే లేవు. పాకే పిల్లవాడు, లడ్డూలు, అల్లరి. అందుకే ఏ దేశంలో పిల్లలైనా చూడగలిగారు. మాయాబజార్‌కి కె.వి. రెడ్డి గారి దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారు 2008లో ఘటోత్కచుణ్ణే యానిమేషన్ సినిమా చేశారు. అర్ధశతాబ్దం తర్వాత అదే పాత్ర, అదే లడ్డూల దారి. ఇవన్నీ చూపించండి, మంచివే. అయితే తెర మీది బొమ్మ మేనమామ వేలి కథ అయ్యేదాకా ఆగదు. కాగితం ఆగుతుంది. రిమోట్‌తో ఆపొచ్చు కదా అంటారు. ఆపి చూడండి, పిల్లలు ఏమంటారో!

రోషణి చోక్షి రాసిన 'అరూ షా' మన పిల్లల చేతుల్లో బాగా కనిపిస్తోంది. 2018లో నవలగా వచ్చింది, 2022లో గ్రాఫిక్ నవల కూడా అయింది. పాండవులు ఈ కాలంలో అమెరికాలో ఆడపిల్లలుగా పుట్టడం కథ. కొందరు పెద్దలకి నచ్చలేదు. నాకు నచ్చింది. మాయాబజార్‌ని ఒప్పుకున్నవాళ్ళం దీన్ని ఎలా కాదంటాం? కాకపోతే మీ పిల్ల అది చదివాక "ఒరిజినల్‌లో ఇలాగే ఉందా?" అని తప్పకుండా అడుగుతుంది. ఆ ప్రశ్నని ఇండియాకి ఫోన్ చేసి తాతగారికి అందించండి. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే, వేసవిలో వాళ్ళకి పొద్దున ఆరు. కాఫీ తాగుతూ ఉంటారు, ఓపిక ఉంటుంది.

మోరిస్‌విల్ జనాభా 2020 లెక్కల్లో 30 వేలకి కొంచెం తక్కువ. అందులో సగానికి దగ్గరగా ఆసియా దేశాల మూలాలున్నవాళ్ళమే. వేసవి సాయంత్రాల్లో కాలిబాటల మీద చీరల్లో, పంచెల్లో నడిచే అమ్మమ్మలు, తాతయ్యలు ఎంతమంది కనిపిస్తారో మీకు తెలుసు. వాళ్ళలో ప్రతి ఒక్కరి దగ్గరా మేం ఎన్నడూ వినని ఒక కథైనా ఉండి ఉంటుంది.

పద్ధతి చెప్తాను, రాసుకోనక్కర్లేదు. ప్రింటర్ కాగితం ఒకటి తీసుకుని ఎనిమిది గడులు వచ్చేలా మడవండి. మళ్ళీ విప్పి, నిలువుగా రెండు సగాలు చేసే మడత ఉంటుందే, దాని మధ్య రెండు గడుల మేర మాత్రం కత్తిరించండి. కాగితాన్ని పొడుగ్గా మడిచి రెండు చివర్లూ పట్టుకుని లోపలికి తోస్తే ఎనిమిది పేజీల చిన్న పుస్తకం అవుతుంది. కుట్టు అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. అమ్మమ్మ చెప్పిన కథని పిల్లలు అందులో గీస్తారు. గీతలు వంకరగా ఉంటే ఉండనివ్వండి. మాటలు రాయమని మాత్రం ఒత్తిడి చెయ్యకండి. ఒక్క జాగ్రత్త: కథలు పాతవి, అందరివీ. చందమామ బొమ్మలు, అమర్ చిత్ర కథ బొమ్మలు మాత్రం వాటి హక్కుదారులవి. వాటిని కాపీ తీసి పంచకండి. మీ పిల్లలు గీసినవే పంచండి.

మా తరవాతి పుస్తకం పాలు చూస్తే పారిపోయే పిల్లి. వరంగల్ ఆయన ఈసారి ఒకే ఒక్క మాట ఉండాలంటున్నారు, చివరి పేజీలో, పిల్లి నోట. మ్యావ్ అని తెలుగులో రాయాలా, ఇంగ్లీషులో రాయాలా అన్నది వచ్చే శనివారం తేలాలి. సెలవు, నమస్కారం.